మార్చి 20న ఎన్నో ఉపవాసం?

జనవరి మొదటి వారంలో ఒక ఉదయం. ఫజ్ర్ నమాజు చేసుకుని మస్జిదు నుండి ఇంటికి వచ్చి, ఆనాడు విద్యార్థులకు చెప్పవలసిన పాఠాన్ని ఒకసారి చూసుకుంటున్నాను. వంటగది వైపు నుండి పెద్ద కేక వినిపించింది. తెల్లవారుజామున ఇంట్లో కేక వినిపిస్తే నా వయసు వారికి స్ఫురించేది ఒకటే. మరణవార్త విన్నప్పుడు పలికే వాక్యం నోటిదాకా వచ్చింది. పుస్తకం మూసి లోపలికి వెళ్లాను. డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్న మా చిన్నమ్మాయి గోడకు ఆనుకుని, ఫోను గుండెలకు హత్తుకుని ఏడుస్తోంది.

“ఎవరు పోయారమ్మా?” అని అడిగాను.

“ఎవరూ పోలేదు అబ్బా. వస్తున్నారు” అంది.

ఎవరు వస్తున్నారో నాకు బోధపడలేదు. నా భార్య మాత్రం చాయ్ గ్లాసు నా చేతికి అందిస్తూ, ఏమీ జరగనట్టు, “దాని కొరియా వాళ్లండీ. మార్చి 20న వస్తారట” అంది. నన్ను ఆశ్చర్యపరిచింది అమ్మాయి కేక కాదు, ఆమె తల్లి నిబ్బరం. ఈ విషయం ఆ ఇద్దరికీ తెలుసు. ఎన్నాళ్లుగానో తెలుసు. అదే ఇంట్లో నివసిస్తున్న నాకు తెలియదు.

ఆ రాత్రి ఇషా నమాజు తరువాత అమ్మాయిని పిలిచి కూర్చోబెట్టుకున్నాను. మందలించడానికని ఆమె అనుకుంది. నేను కాగితం, కలం తీసుకుని, “వారెవరో మొదటి నుండి చెప్పు” అన్నాను. మొదట అనుమానంగా చూసింది. తరువాత గంటసేపు ఆగలేదు.

బీటీఎస్ అనేది దక్షిణ కొరియాకు చెందిన ఏడుగురు యువకుల గాయక బృందం. 2013 జూన్ 13న, అప్పట్లో చిన్నదైన బిగ్ హిట్ అనే సంస్థ వారిని రంగంలోకి తెచ్చింది. ఆర్‌ఎం, జిన్, సుగా, జే-హోప్, జిమిన్, వి, జంగ్‌కుక్ అనేవి వారు పెట్టుకున్న పేర్లు. వారి అభిమానులను ‘ఆర్మీ’ అంటారు. 2020లో వారి పాట ఒకటి అమెరికాలోని బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానం పొందింది. కొరియా బృందం ఏదీ అంతకు మునుపు అక్కడికి చేరలేదు. 2022 జూన్ 14న వారు తమ అభిమానులకు ఒక మాట చెప్పారు. కొంతకాలం ఎవరి పని వారు చూసుకుంటామన్నారు. మాతృసంస్థ హైబ్ వాటాల విలువ మరునాడు ఒక్క దినంలోనే దాదాపు నాలుగో వంతు పడిపోయింది. ఏడుగురి మాటకు అంత బరువుందని నాకు అప్పుడే తెలిసింది.

ఆ విరామానికి ముఖ్య కారణం సైనిక సేవ. ఆ దేశంలో ఆరోగ్యవంతుడైన ప్రతి పురుషుడూ యౌవనంలో కనీసం ఏడాదిన్నర సైన్యంలో పని చేయవలసిందే. ప్రపంచ ప్రసిద్ధులకు మినహాయింపు ఇవ్వాలా వద్దా అని అక్కడ చాలాకాలం వాదాలు నడిచాయి. 2020 చివరలో చట్టాన్ని సవరించి, ముప్ఫయ్యేళ్ల వరకు వాయిదా వేసుకునే వీలు మాత్రం కల్పించారు. చివరకు అందరూ వెళ్లారు. జిన్ అనే పెద్దవాడు 2022 డిసెంబరు 13న చేరి 2024 జూన్ 12న విడుదలయ్యాడు. జే-హోప్ 2023 ఏప్రిల్‌లో వెళ్లి 2024 అక్టోబరు 17న వచ్చాడు. మరి నలుగురు 2023 డిసెంబరు 11న ఇద్దరు, 12న ఇద్దరుగా చేరి, 2025 జూన్ 10, 11 తేదీలలో బయటికి వచ్చారు. భుజానికి శస్త్రచికిత్స జరిగిన సుగా సైన్యానికి బదులుగా ప్రభుత్వ సేవ చేసి, అందరికంటే చివర జూన్ 21న ముగించుకున్నాడు.

ఈ తేదీలన్నీ మా అమ్మాయి ఏ కాగితమూ చూడకుండా చెప్పింది. ఎవరు ఎవరికంటే ఎన్ని నెలలు పెద్ద, ఎవరు ఏ ఊరివాడు, ఎవరు ఎవరితో కలిసి ఒకే గదిలో ఉండేవాడు అన్నీ చెప్పింది. నేను రాసుకుంటూ పోయాను. హదీసు ఉల్లేఖకుల జీవిత వివరాలను పరిశీలించే రిజాల్ శాస్త్రాన్ని నేను చాలా ఏళ్లుగా బోధిస్తున్నాను. జనన మరణ సంవత్సరాలు, గురువులు, శిష్యులు, ఎవరు ఎవరిని కలుసుకున్నారు అన్న సంగతులు విద్యార్థులకు పదేపదే చెప్పినా నిలవవు. నా ఇంట్లోనే అటువంటి జ్ఞాపకశక్తి ఒకటి ఉన్నదని, దానికి నేను ఒక్క ఉల్లేఖకుని పేరు కూడా అందించలేదని అప్పుడు గ్రహించాను. ఇది హాస్యానికి రాస్తున్న మాట కాదు.

ఇంతకూ ఆమె నా వద్ద ఎందుకు దాచింది? దానికి సమాధానం నాకు తెలుసు. పాఠకులకు చెప్పుకోవడం సుఖంగా లేదు, అయినా చెప్పాలి. 2022 వేసవిలో ఆమె పదో తరగతిలో అడుగు పెట్టింది. ఆ బృందం విరామం ప్రకటించిన రోజుల్లోనే ఒక సాయంత్రం ఆమె లెక్కల పుస్తకంలో ఆ ఏడుగురి బొమ్మ నాకు కనిపించింది. నేను కేకలు వేయలేదు, చేయి చేసుకోలేదు. బొమ్మను ఆమె చేతికే ఇచ్చి, ఆమె చేతనే చింపించి, చెత్తబుట్టలో వేయించాను. అది ఉత్తమమైన శిక్షణ అని ఆనాడు భావించాను. ఆ తరువాత ఇంట్లో ఆ ప్రస్తావన రాలేదు. సమస్య తీరిపోయిందని సంతోషించాను కూడా. తీరినది సమస్య కాదు. నాతో మాట్లాడే విషయాలలో ఒకటి తగ్గింది, అంతే. దానితో పాటు మరెన్ని తగ్గాయో లెక్క తెలియదు.

సంగీతం విషయంలో నా అభిప్రాయం ఏమిటని కొందరు అడుగుతారు. దాచడానికి ఏమీ లేదు. నాలుగు మజ్‌హబుల ధర్మశాస్త్ర పండితులలో అత్యధికులు వాద్యాలను నిషిద్ధంగానే ఎంచారు. లుఖ్మాన్ సూరాలో ప్రస్తావనకు వచ్చే వ్యర్థ ప్రసంగమంటే పాటయేనని హజ్రత్ అబ్దుల్లా బిన్ మస్‌వూద్ (రజి) వ్యాఖ్యానించారు. అండలూసియా పండితుడు ఇబ్నె హజ్మ్ మాత్రం ఈ విషయంలోని హదీసుల పరంపరలను ప్రశ్నించారు. ఇమామ్ గజాలీ తమ ఇహ్యా గ్రంథంలో దీనికి ఒక ప్రత్యేక భాగమే కేటాయించి, పాటలోని విషయాన్ని, వినేవాని స్థితిని బట్టి వేరువేరుగా తీర్పు చెప్పారు. నేను చదివినదీ, చదివిస్తున్నదీ మొదటి అభిప్రాయమే. అమ్మాయికి ఆ రాత్రి కూడా అదే చెప్పాను. కాని మొదటి అభిప్రాయాన్ని బోధించే గ్రంథాలలోనే మరొక హదీసు కూడా ఉంది. ఆ రాత్రి దానిని నేను కొత్తగా చదివినట్టు చదువుకున్నాను.

ఒక పండుగ దినాన హజ్రత్ ఆయిషా (రజి) గృహంలో ఇద్దరు చిన్న బాలికలు బుఆస్ యుద్ధానికి సంబంధించిన పాటలు పాడుతున్నారు. దైవప్రవక్త (స) అటువైపు ముఖం తిప్పుకుని శయనించి ఉన్నారు. హజ్రత్ అబూబక్ర్ (రజి) వచ్చి కోపగించారు. దైవప్రవక్త (స) ఆయన వైపు తిరిగి, వారిని వదిలివేయమన్నారు. అబిసీనియా వారు ఈటెలతో ఆట ప్రదర్శిస్తున్న సంఘటన కూడా పండుగ నాటిదే. చూడాలని ఉందా అని ఆయనే అడిగారు. ఆమెను తమ వెనుక నిలబెట్టుకుని, ఆమెకు చాలనిపించే వరకు అలాగే నిలబడ్డారు. ఆట ఆడదలచిన లేత వయసు బాలిక ఎంతసేపు నిలబడగలదో ఊహించుకోండి అని ఆ తల్లి తరువాతి కాలంలో అనేవారట.

ఈ హదీసులతో కొరియా పాటలు ధర్మసమ్మతం అవుతాయని నేను వాదించడం లేదు. ఆ బాలికల పాటకూ, లక్షలమంది ముందు దీపాల వెలుగులో సాగే నృత్యానికీ మధ్య ఎంత దూరమో నాకు తెలుసు. నా దృష్టి వేరొక చోట నిలిచింది. దైవప్రవక్త (స) ముఖం అటు తిప్పుకున్నారు, కాని లేచి వెళ్లిపోలేదు. బాలికల సంతోషాన్ని వారి చేతనే చింపించలేదు.

తరువాతి రోజులలో నేను ఆ బృందం వ్యాపారం గురించి కూడా తెలుసుకున్నాను. ఇక్కడ మాత్రం నా కోపం నిలిచే ఉంది. ఒకే ఆల్బమ్‌ను వేరువేరు అట్టలతో విడుదల చేస్తారు. ప్రతి పెట్టెలో ఏడుగురిలో ఎవరిదో ఒకరి ఫోటోకార్డు ఉంటుంది. ఎవరిది వస్తుందో తెరిచే వరకు తెలియదు. ఇష్టమైన ముఖం రావాలంటే మళ్లీ కొనాలి. క్రయవిక్రయాల అధ్యాయంలో మేము ‘గరర్’ అనే మాటను బోధిస్తాము. కొన్నది ఏమిటో స్పష్టంగా తెలియకుండా జరిగే బేరం అది. పాటల డిస్కు తెలిసినదే కదా అని మా అమ్మాయి వాదించింది. నిజమే, కాని రెండోసారి, మూడోసారి కొనేవారు డిస్కు కోసం కొంటున్నారా అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. గత రెండు రంజాన్ పండుగలకు తాతయ్య, మామయ్యలు ఇచ్చిన ఈదీ సొమ్మును ఆమె ఖర్చు చేయకుండా దాచిందనీ, అది ఒక్క ఆల్బమ్‌కు సరిపోతుందనీ అప్పుడు బయటపడింది. “ఒక్కటే అబ్బా, ఏ కార్డు వస్తే అది” అంది.

పిచ్చి అభిమానం ఎంత దూరం పోతుందో చెప్పడానికి నేను కరూరు బాలికల ఉదంతం ఎత్తాను. 2024 జనవరిలో తమిళనాడులోని కరూరు జిల్లాకు చెందిన, ఎనిమిదో తరగతి చదువుతున్న ముగ్గురు బాలికలు ఇల్లు విడిచి బయలుదేరారు. చేతిలో 14,000 రూపాయలు. మన విశాఖపట్నం చేరి, అక్కడి నుండి ఓడలో సియోల్ వెళ్లి ఈ బృందాన్ని చూడాలన్నది వారి ఆలోచన. చెన్నై వరకు వెళ్లి, ధైర్యం చాలక వెనుదిరిగారు. కాట్పాడి రైల్వే స్టేషనులో పోలీసులు వారిని గుర్తించి కాపాడారు. పదమూడేళ్ల పిల్లలు రాత్రివేళ రైల్వే ప్లాట్‌ఫారం మీద! తలచుకుంటేనే ఒళ్లు జలదరిస్తుంది.

మా అమ్మాయికి ఆ సంగతి నాకంటే ముందే తెలుసు. “వాళ్లు వెళుతున్నట్టు ఇంట్లో ఒక్కరికైనా చెప్పగలిగి ఉంటే వెళ్లేవారే కాదు అబ్బా” అంది.

ఎవరిని గురించి అన్నదో నాకు తెలుసు.

ఆ పిల్లలకు ఆ బృందం ఇచ్చేదేమిటి అని కూడా ఆలోచించాను. 2018 సెప్టెంబరు 24న ఐక్యరాజ్యసమితిలో ఆర్‌ఎం యునిసెఫ్ కార్యక్రమంలో ప్రసంగించాడు. మనిషి ముందు తనను తాను ప్రేమించుకోవాలనీ, ఎక్కడివాడైనా తన పేరును, తన గొంతును తానే కనుగొనాలనీ ఆ ప్రసంగ సారాంశం. అమ్మాయి దాని అనువాదం నాకు చదివి వినిపించింది. అందులో మనకు కొత్తదేమీ లేదు. మానవుడు గౌరవనీయునిగా సృజించబడ్డాడని మన ధర్మం ఎప్పుడో ప్రకటించింది. కాని పదిహేనేళ్ల బాలిక వినేటట్టుగా, ఆమెనే ఉద్దేశించి ఆ మాట మనలో ఎవరు చెబుతున్నారు? మా ఊరి మస్జిదులో జుమా ప్రసంగం వినడానికి స్త్రీలకు చోటు లేదు. నేను చేసిన ప్రసంగాలలో బాలికల ప్రస్తావన వచ్చినప్పుడల్లా అది దుస్తుల గురించో, ఫోను గురించో వచ్చింది. 2019 అక్టోబరు 11న, అదీ ఒక శుక్రవారమే, రియాద్‌లోని కింగ్ ఫహద్ స్టేడియంలో ఈ బృందం కచేరీ జరిగితే అబాయాలు ధరించిన యువతులు తండోపతండాలుగా వెళ్లారు. ఒక ప్రభుత్వం అనుమతించడం ధర్మానికి ప్రమాణం కాదు. అమ్మాయికి ఆ మాట చెప్పాను, ఆమె ఒప్పుకుంది. ఆ యువతులు అక్కడికి ఏమి వెతుక్కుంటూ వెళ్లారన్న ప్రశ్న మాత్రం ప్రభుత్వాలది కాదు.

“మీరెప్పుడూ ఎవరి కోసమూ ఎదురు చూడలేదా అబ్బా?” అని మరొక రోజు అడిగింది. లేదు అనబోయి ఆగాను.

1987 నవంబరు 5. నేను మదరసా వసతిగృహంలో ఉండేవాణ్ణి. ప్రపంచ కప్ క్రికెట్ సెమీఫైనల్, ముంబయిలో, ఇంగ్లండుతో. అజహరుద్దీన్ ఆడుతున్నాడు. హైదరాబాదు కుర్రవాడు, మనవాడు, ఆడిన మొదటి మూడు టెస్టులలోనూ శతకాలు చేసినవాడు. మా తోటి విద్యార్థి ఒకడు తెచ్చిన చిన్న ట్రాన్సిస్టరును దుప్పటిలో చుట్టి, చెవికి ఆనించుకుని విన్నాను. ఆ పూట పాఠానికి వెళ్లలేదు. అజహర్ 64 పరుగులు చేసి అవుటయ్యాడు. భారత జట్టు 35 పరుగుల తేడాతో ఓడిపోయింది. దుప్పటి కప్పుకుని ఏడుస్తుండగా మా ఉస్తాదు గారు వచ్చి పట్టుకున్నారు. ట్రాన్సిస్టరు తీసుకున్నారు. వెనక్కి తిప్పి బ్యాటరీలు ఊడదీసి, జేబులో వేసుకుని, పెట్టెను నాకే ఇచ్చివేశారు. తప్పిన పాఠాన్ని మూడుసార్లు రాసి చూపమన్నారు. గుమ్మం దాకా వెళ్లి, వెనుదిరగకుండానే, “అజహర్ ఎన్ని కొట్టాడు?” అని అడిగారు.

ఆ మహనీయుడు ఇప్పుడు లేరు. అల్లాహ్ ఆయనను కరుణించుగాక. ఆయన వద్ద నేను ఎన్నో గ్రంథాలు చదివాను. ఆ ప్రశ్న మాత్రం ఇన్నేళ్లూ నాకు ఒక ముచ్చటగానే గుర్తుంది. అదీ పాఠమేనని తెలియడానికి ముప్ఫై ఎనిమిదేళ్లు పట్టింది.

అమ్మాయి ఈ కథ విని చాలాసేపు నవ్వింది. తరువాత, “మరి నా బ్యాటరీలు మాత్రం తీసి, నాదేమీ అడగలేదేం?” అంది. నా వద్ద సమాధానం లేదు. 2022లో చింపించిన బొమ్మ గురించి ఆమెను క్షమాపణ అడిగాను. తండ్రి కూతురిని క్షమాపణ అడగడం మా ఇళ్లలో అలవాటు లేని పని. ఆమె కంగారుపడి, “వద్దు అబ్బా” అంటూ లేచి వెళ్లిపోయింది. వంటగదిలో తల్లితో ఏమందో నాకు వినబడలేదు.

ఈ నడుమ సీరత్ పాఠం హిజ్రత్ ఘట్టానికి వచ్చింది. దైవప్రవక్త (స) మక్కా నుండి బయలుదేరారన్న వార్త విన్న మదీనా వాసులు ప్రతి ఉదయం ఊరి వెలుపలి హర్రా అనే నల్లరాళ్ల మైదానానికి వెళ్లి నిలబడేవారు. మధ్యాహ్నపు ఎండ భరించలేనిదయ్యాక ఇళ్లకు మరలేవారు. మరునాడు మళ్లీ వెళ్లేవారు. ఒకనాడు అందరూ ఇళ్లకు వెళ్లిపోయాక, తన పని మీద కోట ఎక్కిన ఒక యూదుడు దూరాన తెల్లని వస్త్రాలు ధరించి వస్తున్న వారిని చూసి, గట్టిగా కేక వేశాడు. ఈ పాఠాన్ని ఇన్నేళ్లూ తేదీలు, మజిలీలు, దూరాలు చెప్పి ముగించేవాణ్ణి. ఈసారి ‘కేక’ అన్న మాట దగ్గర ఆగిపోయాను. దేనితో దేనిని పోల్చకూడదో నాకు తెలుసు, అల్లాహ్ క్షమించుగాక, నేను పోల్చడం లేదు. ఎదురు చూసే హృదయం ఎలా ఉంటుందో మాత్రం నా పిల్లలకు మొదటిసారి వివరించి చెప్పాను. ఒక ఉదయం మా ఇంట్లో విన్నాను కనుక చెప్పగలిగాను. ప్రళయ ఘడియ కొరకు ప్రేమను తప్ప మరేమీ సమకూర్చుకోలేదని ఒప్పుకున్న మనిషికి, నీవు ప్రేమించిన వారితోనే నీవు ఉంటావని దైవప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. ఆ మాటకు సంతోషించినంతగా మేము మరి దేనికీ సంతోషించలేదని హజ్రత్ అనస్ (రజి) చెప్పారు. ప్రేమించే శక్తి మా అమ్మాయికి కొదవ లేదు. దానికి గమ్యం చూపవలసిన వాణ్ణి నేను. అది కొరియాలో ఖర్చవుతుంటే, నాలుగేళ్లు దానికి తాళం వేసి కూర్చున్నాను.

ఇక అసలు చిక్కు ఇప్పుడు వచ్చింది. ఆల్బమ్‌కు ‘అరిరంగ్’ అని పేరు పెట్టినట్టు జనవరిలో ప్రకటించారు. అది కొరియా ప్రజల పురాతన జానపద గీతం పేరు. ఎడబాటును, ఎదురుచూపును పలికే పాట అని అంటారు. 2012లో యునెస్కో దానిని మానవజాతి వారసత్వ సంపదలో చేర్చింది. విడుదల మార్చి 20, శుక్రవారం. అమ్మాయి గోడ మీది క్యాలెండరును నా ముందు పరచి, “మార్చి 20న ఎన్నో ఉపవాసం అబ్బా?” అని అడిగింది.

లెక్క వేశాము. నెలవంకను బట్టి మన దేశంలో ఫిబ్రవరి 19న మొదటి ఉపవాసమైతే, మార్చి 20 ముప్ఫయ్యో ఉపవాసమన్నా కావాలి, ఈద్ అన్నా కావాలి. ఉపవాసమైతే అది రంజాన్ చివరి శుక్రవారం, జుమఅతుల్ విదా. రెండేళ్లుగా మా అమ్మాయి చివరి పది రోజులు ఇంట్లో నమాజు గదిలో ఏతికాఫ్ కూర్చుంటోంది. ఈ ఏడాది కూడా కూర్చుంటానని రజబ్ నెలలోనే తల్లికి చెప్పిందట. నాలుగేళ్లు ఎదురు చూసిన రోజు సరిగ్గా ఆ గదిలో ఉండగా వస్తుంది. కావాలంటే మానుకోవచ్చు, అది ఆమెకు విధి కాదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. నేనేమైనా అంటానేమోనని నా ముఖం వంక చూసింది. నేను ఏమీ అనలేదు. అనకుండా ఉండడానికి ఎంత ప్రయత్నించవలసి వచ్చిందో ఆమెకు తెలియదు.

రెండు రోజుల తరువాత తానే వచ్చి చెప్పింది. ఏతికాఫ్ కూర్చుంటుంది. ఫోను తల్లి వద్ద ఉంటుంది. నెలవంక కనిపించాక తీసుకుంటుంది. “వాళ్లు సైన్యంలో పద్దెనిమిది నెలలు ఉన్నారు, నేను ఒక రోజు ఆగలేనా?” అంది. ఆ పోలిక నాకు నచ్చలేదు, సరిదిద్దబోయి మళ్లీ ఆగాను. ఈదీ సొమ్ములో సగం ఊరిలో ఒక వితంతువు ఇంటికి సేమియా, చక్కెర కొనడానికి ఇస్తానంది. మిగిలిన సగానికి ఆల్బమ్ రాదు కదా అని అడిగాను. స్నేహితురాలితో కలిసి కొంటుందట. కార్డు ఎవరికి అన్నది ఇంకా తేలలేదు.

ప్రతి సంవత్సరం ఇరవై తొమ్మిదో ఉపవాసం నాటి సాయంత్రం మా మదరసా మేడ మీద నెలవంక కోసం చూసే బాధ్యత నాది. ఈసారి ఆ సాయంత్రం మార్చి 19న వచ్చే అవకాశం ఉంది. “ఇరవై తొమ్మిదికే కనిపిస్తుందా అబ్బా?” అని మా అమ్మాయి ఇప్పటికి నాలుగుసార్లు అడిగింది. కంటికి కనబడితేనే చెబుతాను, ముందుగా చెప్పలేనన్నాను. “బాగా చూడండి” అంది.